గోళీల గంట

(‘కంచె లోపలి ఆకాశం’ ధారావాహిక: పదకొండవ భాగం)

కిందటి వారం మన కథ ఒక గుడ్డసంచి దగ్గర ఆగింది.

చండ్రుగొండ దాటి అడవి దారిన గంటసేపు నడిస్తే ఒక గుట్ట, గుట్ట మీద ఒక కతోలిక మఠం, మఠంలో తొమ్మిదిమంది కన్యలు. లోపలికి వెళ్లినవారు బయటికి రారు. బయటివారు లోపలికి పోరు. మాట్లాడాలంటే నడుమ ఇనుప జాలీ ఉంది. ఇచ్చిపుచ్చుకోవాలంటే గోడలో అమర్చిన తిరుగుడు అలమార ఉంది. ఖమ్మంలో నర్సు ఉద్యోగం వదులుకుని రెండేళ్ల కిందట ఆ గోడల మధ్యకు వచ్చిన మరియ, రేపు ఈస్టరు పండుగనాడు వ్రతం తీసుకోవాలి. ఆమెను వెనక్కి తీసుకుపోవడానికి తండ్రి జకర్యా ఖానాపురం హవేలి నుంచి వచ్చాడు. ముప్పై ఏళ్లుగా బడి నడిపిన హెడ్మాస్టరు ఆయన. ఆయనది ప్రొటెస్టెంటు గుడి. చనిపోయిన భార్యది, ఆమె వెంట మరియది కతోలిక గుడి. “నువ్వు ఈ గోడల్ల ఉంటే లోకంల ఒక్కరికన్న పనికొస్తున్నవని చూపెట్టు. నేనొక్కణ్ణే బస్సెక్కి పోత” అని ఆయన పందెం వేశాడు. మరియ చూపించలేకపోయింది. తన బట్టలు సర్దిన సంచిని అలమారలో పెట్టి, తండ్రి వైపుకు తిప్పింది.

అలమార తిరిగి ఆగిన చప్పుడు ఇంకా గదిలోనే ఉంది. సంచి అవతల, మనిషి ఇవతల.

జకర్యా సంచిని ముట్టుకోలేదు. గెలిచినవాడి ముఖం కాదది. చేతిగుడ్డతో కళ్లద్దాలు తుడిచి, పెట్టుకుని, మళ్లీ తీసి తుడిచాడు.

“ఎందుకేడుస్తున్నవ్ బిడ్డా?”

“ఏడుస్తలేను నాయినా.”

“మరి ముక్కెందుకు తుడుసుకుంటున్నవ్?”

“జలుబు.”

“గుట్ట మీద కూడ జలుబొస్తదా? లోకంల ఉన్నయన్ని కింద ఇడిసిపెట్టొచ్చిన్రనుకున్న.”

మరియ నవ్వబోయింది. అంతలో తలెత్తి వేళ చూసుకుంది. మూడింటికల్లా గుట్ట దిగితే చండ్రుగొండలో నాలుగింటి బస్సు దొరుకుతుంది. గోడ గడియారంలో రెండు దాటింది. గంటగోపురం గురువారం సాయంత్రం నుంచి మూగగా ఉంది. ప్రభువు శ్రమల దినాల్లో గంట మోగకూడదన్నది ఆచారం. రెండు చెక్కలు తట్టి ఒకరినొకరు ప్రార్థనకు పిలుచుకుంటారు. మఠానికి ఆ గంట వచ్చి ఇంకా ఏడాది నిండలేదు. పైకెత్తి కట్టిన నాటి నుంచి దాని తాడు మరియ చేతిలోనే ఉంది. గురువారం నాడు ఆ తాడును పైకి చుట్టి, మూడు ముడులు వేసినది కూడా ఆమె చేతులే. ముడి వేసిన ఆ చేతులకే ఇప్పుడు పని లేకుండా పోయింది.

“నీ దేవుడు, నా దేవుడు ఒక్కడే” అన్నాడు జకర్యా, మెల్లగా, బడిలో ఆఖరి పీరియడులో పాఠం చెప్పినట్టు. “ఆయన పై నుంచి మనుషుల నడుమకు దిగిండు. పెండ్లిండ్లకు పోయిండు. కుష్టోళ్లను ముట్టుకున్నడు. మందిల కూసోని తిన్నడు. మీరేమో మందిని ఇడిసిపెట్టి పైకెక్కిన్రు. ఆయన దిగొచ్చిన మెట్ల మీద మీరు ఎదురెక్కుతున్నరు. గిదేం తొవ్వ?”

“ఆయన కూడ కొండెక్కిండు నాయినా. ఒక్కడే ఎక్కిండు.”

“ఎక్కిండు. తెల్లారి దిగిండు. మీరెప్పుడు దిగుతరు?”

ఆ ప్రశ్నకు మరియకు ఖమ్మం ఆస్పత్రి గుర్తొచ్చింది. ఆ వార్డులో నలభై మంచాలు. తెల్లచీర కొంగు చెమటకు తడిసి, ఆరి, మళ్లీ తడిసేది. మూడు వారాలు తాను సూదులు వేసిన ముసలమ్మ ఒకనాటి పొద్దున చనిపోయింది. కాగితం నింపబోయి ఆగిపోయింది మరియ. ఆ ముసలమ్మ పేరు తనకు తెలియదు. మంచం నంబరు తెలుసు, నాడి తెలుసు, నొప్పి తెలుసు, పేరు తెలియదు. చేతులు అందరినీ తాకుతున్నాయి, మనసు ఎవరినీ తాకడం లేదు. ఆ లోటు పూడ్చుకోవడానికే ఈ మౌనంలోకి వచ్చింది. ఒక్కొక్క పేరును దేవుని ముందు పెట్టి, ఒక్కొక్క పేరు దగ్గర ఆగి, కన్ను మూసి, కన్ను తెరిచి రెండేళ్లు గడిపింది. కానీ ఆ పేర్లవాళ్లెవరికీ ఆ సంగతి తెలియదు. తెలియనిది పనికివచ్చినట్టా, రానట్టా?

“ఒక్క మాట చెప్త, కోపం చేసుకోకు” అన్నాడు జకర్యా. “రేపు మీరు తొమ్మిదిమంది ఈ గోడల్ల సచ్చిపోయిన్రనుకో. కిందున్నోళ్లకు ఎట్ల తెలుస్తది? నాలుగు దినాలకు పైన గద్దలు తిరిగితే తెలుస్తది. గంతే. మనిషి ఉన్నడో లేడో పక్కోనికి తెల్వని బతుకు, బతుకేనా బిడ్డా?”

ఆ మాట పూర్తయిందో లేదో, బయట తలుపు దబదబలాడింది.

అది తట్టడం కాదు, పగలగొట్టడం. గడియ ఎగిరింది, తలుపు తెరుచుకుంది. వరండాలో ఇరవైమంది దాకా కనిపించారు. చెమటలు, ఎగశ్వాసలు, అద్దాల రవికెలు, తలపాగాలు. ముందు గడ్డపార పట్టుకుని ఒక పెద్దమనిషి. వెనక నలుగురి భుజాల మీద, వట్టి నులకమంచం. అడవి ఊళ్లలో మంచం భుజాలకెక్కిందంటే ఒకటే అర్థం. ఎవరినో రోడ్డు దాకా మోసుకుపోవాలి.

జకర్యా చేతులు చాచి అడ్డం నిలబడ్డాడు. “ఏందయ్యా ఇది? ఎవరు మీరు?”

“కింద తండా మాది. నేను నాయకుణ్ణి, హాతీరాం” అన్నాడు గడ్డపార మనిషి. “నువ్వెవరో గాని, జల్దీ చెప్పు సారు. లోపల ఎంతమంది పోయిన్రు?”

“ఎక్కడికి పోతరు? వీళ్లు ఎక్కడికి పోరు గదా.”

“అయ్యో సారు, సచ్చిపోయిన్రా అనడుగుతున్న.”

హాతీరాం భార్య సోమ్లి అప్పటికే ఇద్దరినీ తోసుకుని లోపలికి వచ్చేసింది. జాలీకి ముఖం ఆనించి, చీకటికి కళ్లు అలవాటు చేసుకుని, వెనక్కి తిరిగి కేకేసింది. “ఒకామె ఉంది. కూసోని ఉంది. కండ్లు తెరిసే ఉంది.” మళ్లీ జాలీ వైపు తిరిగింది. “అమ్మా, కదలకు. మంచం తెచ్చినం. వాంతులా? బాయి నీళ్లు చెడినయా? మిగిలినోళ్లు ఎటు పడ్డరు?”

“ఎవరూ పడలేదమ్మా” అంది మరియ. “అందరం బాగనే ఉన్నం. ఎందుకట్ల అడుగుతున్నరు?”

“ఎందుకా?” సోమ్లి నడుము మీద చేతులు పెట్టుకుంది. “మొన్న మాపటి నుంచి గంట లేదు. తీగె మీద బట్టల్లేవు. దినాం తొమ్మిది తెల్లబట్టలు ఆరుతయి, దిగువ నుంచి లెక్కపెడత నేను. రెండు దినాలాయె, ఒక్కటి లేదు. ఇంకేమనుకోవాలె?”

మరియకు అప్పుడు అర్థమైంది. శ్రమల దినాలని గంట ఆపారు, బట్టలు ఉతకడం ఆపారు. ఆ మౌనం దేవునికి అర్థమవుతుందని తెలుసు. అది కిందనున్న తండాకు కూడా వినిపిస్తుందని ఈ తొమ్మిదిమందిలో ఒక్కరికైనా తట్టలేదు.

ఆమె విషయమంతా చెప్పింది. సోమ్లి జాలీకి చెవి ఆనించి వింది.

“దేవుడు సచ్చిండని గంట బంద్ పెట్టిన్రా?”

“అవ్.”

“మళ్ల లేస్తడా?”

“లేస్తడు. రేపే పండుగ. ఇయ్యాల రాత్రి పూజల గంట మోగుతది.”

“మంచిగుంది. గీ ముచ్చట మాకు ముందుగల చెప్తే మీ సొమ్మేం పోయింది? వాళ్లు మొక్కుకుంటున్నరు, కదిలియ్యొద్దని మేం ఒక్కనాడు ఈ గుట్టెక్కలె. ఇయ్యాల పాణాలు అరచేతిల పెట్టుకోని ఉరికొచ్చినం.”

వరండాలో ఎవరో ముందుగా నవ్వారు. ఆ నవ్వు మంచం మోసేవాళ్ల దాకా పాకింది. జకర్యా మాత్రం నవ్వలేదు. ఆయన ఆ వట్టి మంచాన్నే చూస్తున్నాడు. గద్దల మాట అన్న నోరు ఇంకా ఆరలేదు. నలుగురి భుజాల మీద దానికి జవాబు వచ్చి నిలిచింది.

అలికిడికి లోపల ప్రార్థనలో ఉన్నవారంతా లేచి వచ్చారు. ముందు మదర్ ఇన్నమ్మ, అరవై ఐదేళ్ల సత్తుపల్లి మనిషి, నడుముకు తాళంచెవుల గుత్తి. వెనక మిగిలిన ఏడుగురు. సంగతి విని ఆవిడ చేతులు జోడించింది. “చెప్పకపోవడం మాదే తప్పమ్మా. మా గంట మీరు వింటారని మాకు తెలియదు.”

“ఇనుడేంది మదరమ్మా? దాని మీదనే బతుకుతున్నం” అంది సోమ్లి. వేళ్లు మడుస్తూ మొదలుపెట్టింది. “ఇంకా తెల్లారకముందు కొట్టేది బర్రె గంట, పాలు పిండనీకి. పొద్దు పొడుస్తుంటే నీళ్ల గంట. మాకు ఒక్కటే మోటరు. గా గంటకు రూప్‌సింగ్ మడికి నీళ్లు తిరుగుతయి. పొద్దెక్కినంక గోళీల గంట. నడిపొద్దుకు మార్పు గంట. నీళ్లు రూప్‌సింగ్ మళ్లకెంచి బిచ్యా మళ్లకు పోతయి. మాపటికి దీపం గంట. ఆకరుది బంద్ గంట. గది మోగినంక ఎంత పెద్ద లొల్లి ఉన్నా ఇడిసిపెట్టి పండుకోవాలె. లేకుంటే మా మొగోళ్లు తెల్లార్లు ఒర్రుతరు.”

ఉదయస్తుతి అని, మధ్యాహ్న ప్రార్థన అని, సంధ్యా ప్రార్థన అని ఈ తొమ్మిదిమంది పిలిచే వేళలకు కొండ కింద ఇంకో పేరు పెట్టారు. బర్రె పేరు, నీళ్ల పేరు, దీపం పేరు. మరియ ఆ పేర్లను పెదవుల మీదే పలికి చూసుకుంది. ప్రతి పేరుకూ ఒక మనిషి ఉన్నాడు.

“గోళీల గంటంటే?” అని అడిగింది.

సోమ్లి వెనకనున్న కోడలి చేయి పట్టి ముందుకు లాగింది. సన్నటి మనిషి, కొత్తగా కండ పడుతున్న చెంపలు. “ఇది రూప్లి. కిందటేడు నెత్తురు కక్కింది. సర్కారు దవాఖానాల గోళీలిచ్చిన్రు. దినాం ఒక్కటే యాళకు మింగాలె, ఒక్కనాడు తప్పొద్దన్నరు. దీనికి సదువు రాదు. మీ గంటకు మింగుడు నేర్సింది. పది నెలలాయె, ఒక్కనాడు తప్పలె.”

“ఇంకో రెండు నెలలే ఉన్నది సిస్టరమ్మా” అంది రూప్లి. “దగ్గు తగ్గింది. ఆకలైతున్నది.” ఆగి, తల దించుకుంది. “నిన్న, ఇయ్యాల మింగలె. గంట కోసం చూసుకుంట కూసున్న.”

మరియలోని నర్సు ఒక్క ఉదుటున లేచి నిలబడింది. కానీ ఆమె నోరు తెరిచేలోగా జకర్యా గొంతు సవరించుకున్నాడు. హెడ్మాస్టరు అంత సులువుగా ఒప్పుకునే మనిషి కాదు.

“ఇదంత సరేనమ్మా. నాకొక్కటి చెప్పు. దీనికి తొమ్మిదిమంది గోడల్ల కూసోవాల్నా? ఒక గోడ గడియారం కొనుక్కుంటే అయిపోతది గదా.”

“గడియారం ఉన్నది సారు” అన్నాడు హాతీరాం. “రూప్‌సింగ్ చేతికే ఉన్నది. రారా, చూపెట్టు.”

తలకు గుడ్డ చుట్టుకున్న రూప్‌సింగ్ మంచం వెనక దాక్కోబోయి దొరికిపోయాడు.

“వీడు దాని ముల్లు ఎనకకు తిప్పి అర్ధగంట నీళ్లు ఎక్కువ పెట్టుకుంటుండె. గందుకే గడియారం పక్కకు పెట్టి గంటను నమ్మినం. మళ్ల నిన్న గంట లేదు. వీడు వీని గడియారం చూపెట్టిండు, బిచ్యా పార కట్టె చూపెట్టిండు. వాని తలకాయ చూడు.”

“రెండు కుట్లే పడ్డయి” అన్నాడు రూప్‌సింగ్, తగ్గకుండా.

“గడియారాన్ని ఎవడైనా తిప్పుతడు సారు” అంది సోమ్లి. ఇప్పుడామె గొంతులో వేళాకోళం లేదు. “గంటను ఎవడు తిప్పలేడు. ఎందుకు? గీ అమ్మలకు మా తండాల మడి లేదు, మంద లేదు, సుట్టం లేడు. ఎన్నికల్ల ఓటడగరు. మా లొల్లిల ఎవ్వరి దిక్కు మాట్లాడరు. ఎవ్వరి దిక్కు లేనోళ్లు కొడుతున్నరు గనుక అందరం ఇంటున్నం. వీళ్లు కిందికొచ్చి మా నడుమ ఇల్లు కట్టుకున్రనుకో, రేపే అంటరు, ఆ గంట రూప్‌సింగ్ దిక్కు మోగిందని.”

మరియ తండ్రిని చూసింది, తండ్రి ఆ లంబాడీ తల్లిని చూశాడు. రెండేళ్లుగా తాను వెతికిన జవాబు, బైబిలు బడిలో చదవని నోటి నుంచి వచ్చింది. దూరంగా ఉండడమే ఇక్కడ దగ్గరతనమైంది. తప్పుకోవడమే నిలబడడమైంది.

“మేం మీకోసం కొట్టలేదమ్మా” అంది మరియ నిజాయితీగా. “దేవుని కోసం కొట్టినం.”

“అవ్, గందుకే సరిగ్గా కొట్టిన్రు” అంది సోమ్లి. “మాకోసమైతే ఒకనాడన్న బద్ధకమైతుండె.”

ఈసారి నవ్వింది జకర్యానే. చాలాసేపటికి వచ్చిన నవ్వు, వచ్చాక ఆగలేదు. కళ్లద్దాలు మళ్లీ తీయవలసి వచ్చింది.

“మదరమ్మా, ఇప్పుడొక్కపారి కొట్టున్రి” అని హాతీరాం బతిమాలాడు. “కిందోళ్లు మేం శవాలను తెస్తమని ఎదురుచూస్తున్నరు. మా రూప్లి కూడ గోళీ మింగాలె.”

మదర్ ఇన్నమ్మ ముఖం వాడింది. “ఈ రాత్రి పూజ దాకా ఆ గంట నాలుక కట్టే ఉండాలి నాయనా. అది నేను పెట్టిన నియమం కాదు, విప్పడానికి.”

జకర్యా ఒక అడుగు ముందుకు వేశాడు. “మీ నియమం మీ గంటకు మదర్ గారు. నా చేతికి లేదు గదా?”

“మీరు మా కతోలిక సభవారు కారు కదా మాస్టారూ.”

“కాను. ముప్పై ఏండ్లు నా భార్యతోటి ఆ మాట మీదనే కొట్లాడిన. ఇయ్యాల మొదటిసారి అది అక్కరకొచ్చింది.”

ఆయన హాతీరాం చేతిలోని గడ్డపార అందుకున్నాడు. తలుపు పగలగొట్టడానికి వచ్చిన గడ్డపార. మంచం నులక ఒక పేట విప్పించి, వరండా ముందున్న ఇప్పచెట్టు కొమ్మకు దానితో గడ్డపారను వేలాడదీయించాడు. గుంపులో ఉన్న బిచ్యా దగ్గర గొడ్డలి తీసుకుని, దాని వెనకవైపు తిప్పి పట్టుకుని, బడి గంట ముందు నిలబడినట్టు నిటారుగా నిలబడ్డాడు.

“మరియా, గోళీల గంటకు ఎన్ని దెబ్బలు?”

జాలీ వెనక నుంచి జవాబు వచ్చింది. “మూడు. ఆగి మూడు. ఆగి మూడు.”

మొదటి దెబ్బకు ఇనుము గట్టిగా పలికింది. మూడో దెబ్బకు అడవి బదులు పలికింది. ఆరో దెబ్బకు దిగువ పొలాల్లో వంగిన నడుములు లేచాయి. మిరపతోటలో నుంచి ఎర్రకొంగు ఒకటి గాలిలోకి ఎగిరింది. తొమ్మిదో దెబ్బకు తండాకు తండా అరుగుల మీదికి వచ్చింది. “ఉన్నరు, ఉన్నరు” అన్న కేక ఒకరి నోటి నుంచి ఒకరి నోటికి మారి, వాగు దాటి, గట్టెక్కి, గుట్ట మీదికి తిరిగి వచ్చింది. సోమ్లి అలమారలోని సంచిని తీసి కింద పెట్టాక, మరియ అందులో గ్లాసు నీళ్లు పెట్టి తిప్పింది. రూప్లి కొంగుముడి విప్పి, గోళీ నాలుక మీద వేసుకుని, ఆ నీళ్లు తాగింది.

“రేపటి నుంచి ఒకటే మింగు” అని మరియ గట్టిగా హెచ్చరించింది. “తప్పింది కలిపి మింగకు. సోమవారం దవాఖానాకు పోయి, నిన్నటిది తప్పిందని, ఇయ్యాలది ఆలస్యమైందని డాక్టరుకు చెప్పు. దాచిపెట్టకు, రూప్లీ.”

పేరు పలికాక ఆగింది. రూప్లి. రెండేళ్ల కిందట ఒక కాగితం మీద రాయలేకపోయిన చోట, ఇవాళ ఒక పేరు.

జకర్యా చెమట తుడుచుకుంటూ లోపలికి వచ్చాడు. కూతురి సంచి ఎత్తి, కొంచెంసేపు గుండెకు ఆనించుకుని, అలమారలో పెట్టి, తన చేత్తోనే లోపలికి తిప్పాడు. మరియ దానిని అందుకుంది.

“నాలుగింటి బస్సు నాయినా?”

“పోనియ్యి. రేపు నీ వ్రతం చూసి పోత. ఇయ్యాల మాపటికి దీపం గంట ఎవరు కొట్టాలె మరి? నేనే కొట్టాలె గదా.”

కూతురు జాలీలో నుంచి వేళ్లు పెట్టింది. తండ్రి వాటిని పట్టుకున్నాడు. ఓడినవాడిలా కాదు, గెలిచిన జట్టులో ఆలస్యంగా చేరినవాడిలా.

మంచం ఎత్తుకుని అందరూ దిగబోతుంటే, సోమ్లి మాత్రం జాలీ దగ్గర నిలబడి వేలితో లెక్కపెడుతోంది. “ఏడు, ఎనిమిది, తొమ్మిది. సరిపోయిన్రు. నిన్న ఒంటి గంట ఇనకపోయి ఉంటే మేం మంచం కాదు, పారలు తెస్తుంటిమి.”

“నిన్న ఒంటిగంటకా? నిన్న ఏ వేళా గంట కొట్టలేదమ్మా” అంది మరియ.

“ఒంటిగంటకు కాదు, ఒంటి గంట. ఒక్కటే దెబ్బ. పొద్దు వాలంగ మూడింటికి దినాం మోగుతది గదా. ఇందాక చెప్పుడు మరిసిన. తునికాకుకు పోయినోళ్లు గది ఇని అడివి కెంచి మళ్లుతరు. మొన్నటి నుంచి అన్ని బంద్ అయినయి గాని, నిన్న అదొక్కటి మోగింది. గందుకే అనుకున్నం, లోపల ఎవరో ఒకరు పాణంతోటి మిగిలిన్రని.”

మరియ చేతిలోని సంచి జారింది. మూడింటి ప్రార్థనకు ఈ మఠంలో గంట లేదు. ఆ వేళకు ఎవరి గదిలో వారు మౌనంగా కూర్చుంటారు. పది నెలల్లో ఒక్కనాడూ ఆ వేళ ఆమె తాడు ముట్టలేదు. ఆ మౌనంలో ఎప్పుడైనా ఒక్క చప్పుడు చెవిన పడితే, గాలికి గంట కదిలిందనుకునేది. గాలి రోజూ మూడింటికే వీస్తుందా? నిన్న ఆ తాడుకు మూడు ముడులు ఉన్నాయి. గోపురం తలుపుకు తాళం ఉంది. ఆ తాళంచెవి మదర్ నడుముకే వేలాడుతోంది.

ఆమె గోడ గడియారం చూసింది. చిన్నముల్లు మూడు మీదికి, పెద్దముల్లు పన్నెండు మీదికి వచ్చాయి.

తొమ్మిదిమంది ఇక్కడే ఉన్నారు. జకర్యా జాలీ అవతల, వట్టి చేతులతో ఉన్నాడు. ఇప్పచెట్టుకు గడ్డపార కదలకుండా వేలాడుతోంది.

అప్పుడు, తలల మీద, తాళం వేసిన గోపురంలో నుంచి, కంచు గొంతుతో, ఒక్కటే దెబ్బ.

అందరి ముఖాలూ ఒక్కసారిగా పైకి లేచాయి. మదర్ ఇన్నమ్మ మాత్రం తలెత్తలేదు.